పాలు పొంగిన ఇళ్ళు

1952 జూన్ 23, సోమవారం

ఈ రోజు భాష్యం గారు నా వ్యాసం మొదటి పేజీ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా ప్రొఫెసరు కళ్ళజోడు తుడిచారంటే ఎదుటివాడి పని అయిపోయినట్టేనని మద్రాసు లా కాలేజీలో అందరికీ తెలుసు.

"ఆధార గ్రంథాల పట్టిక ఏదమ్మా?" అన్నారు.

లేదన్నాను. "ఇల్లు నాకే కావాలి, నేనే కాపురం ఉంటానని చెప్పి యజమాని అద్దెవాళ్ళను ఖాళీ చేయిస్తాడు. కోర్టు నమ్మి సరేనంటుంది. ఆ తరువాత ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారో ఏ గ్రంథంలోనూ లేదండీ. పోయి చూడాలి."

"పోయి చూడటం జనాభా లెక్కలవాళ్ళ పని. న్యాయశాస్త్రం తీర్పుల్లో ఉంటుంది."

"తీర్పు తరవాత ఏమైందో తీర్పులో ఉండదు కదండీ."

ఆయన మళ్ళీ కళ్ళజోడు తుడిచారు. "ఎం.ఎల్.కి ఇలాంటి వ్యాసం ఇంతవరకూ ఎవరూ రాయలేదు" అన్నారు తిట్టినట్టు. నాకు మాత్రం పొగిడినట్టే వినిపించింది. చివరికి, డిసెంబరులో కాలేజీ సభలో చదవమన్నారు. అక్కడ నిలబడితే సరి. లేకపోతే ఒప్పందాల చట్టం మీద పాత తీర్పులు అటూ ఇటూ సర్ది ఇంకొకటి రాసుకోవాలి.

ఇంటికి వచ్చి చెబితే దేవరాజులు మామ పడీ పడీ నవ్వాడు. "ఓనర్ల కేసులు వాదించే గదా నిన్ను చదివించినాను. ఇప్పుడు నువ్వు ఆ ఓనర్ల ఇండ్లకే పోయి తలుపు తడతావా? సరి, తట్టు. డిసెంబర్లో ఆ భాష్యం ఒప్పుకోలేదనుకో, నల్లకోటు ఏసుకోని నా ఆఫీసులో కూసో. నాకొక జూనియర్ కావాల."

"ఒప్పుకుంటే?"

"ఒప్పుకుంటే నీ ఇష్టం. లెక్చరర్ గా పో, యాడికన్నా పో."

సరే అన్నాను. కోపంలో ఎవరైనా సరే అంటారు. కానీ మామ ఆఫీసులో కూర్చుని, జనాన్ని ఇళ్ళలోంచి లేపే అర్జీలు రాస్తూ ముసలిదాన్నయిపోవడం నాకు ఇష్టం లేదు. చాలా ఇష్టం లేదు.

జూన్ 28

రెంట్ కంట్రోలర్ కచేరీలో రోజంతా. పోయిన సంవత్సరం "నాకే కావాలి" అని గెలిచిన కేసులన్నీ వరసగా చూసి, ప్రతి అయిదోదాన్నీ తీసుకున్నాను. నచ్చినవి ఏరుకోవడం వంకాయల దగ్గర చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. మొత్తం నలభై ఇళ్ళు వచ్చాయి.

అందులో ఒకటి తొండియార్‌పేటలో మామ ఇల్లు. హార్బరులో పనిచేసే చిన్నసామి అనే ఆయన కుటుంబం ఉండేది. ఆ ఇంటికి పోయి చూడనక్కర లేదు. అది మామ తన అక్క కోసం, అంటే మా అమ్మ కోసం ఖాళీ చేయించిన ఇల్లు. పోయిన తై నెలలో, సంక్రాంతి అయిన కొద్దిరోజులకే, అమ్మ మా ఊరు గుడియాత్తం నుంచి వచ్చి పాలు పొంగించింది కూడా. ఆ రోజు నాకు పరీక్ష. పంకజం అత్త చక్కెర పొంగలి గిన్నెలో పెట్టి తెచ్చి ఇచ్చింది. మోకాళ్ళ నొప్పి తగ్గగానే అమ్మ వచ్చేస్తుంది. అప్పుడు నేనూ ఈ సౌకార్‌పేట గోల వదిలి అక్కడికే పోతాను. మేడ మీద గది నాది. కిటికీలోంచి హార్బరు క్రేన్లు కనిపిస్తాయట.

వచ్చింది, అని రాసుకున్నాను. నలభైలో ఒకటి కాలు కదపకుండానే అయిపోయింది.

జూలై 6, ఆదివారం

టి. నగర్ లో నాలుగు ఇళ్ళు. పక్కింటివాళ్ళను అడిగాను, యజమాని వచ్చాడా అని. నాలుగింటికీ ఒకటే జవాబు. "వచ్చినారే! పాలు పొంగించి వీధంతా పొంగలి పంచినారు గదా!" ఒకావిడ జీడిపప్పు తక్కువ పడిందని కూడా చెప్పింది.

జూలై 9

అందరూ వచ్చారు.

జూలై 17

అయిపోయింది. నలభైలో ముప్పై ఎనిమిదింటికి యజమాని వచ్చాడు. రెండిళ్ళ దగ్గర పక్కవాళ్ళు కొత్తవాళ్ళు, తెలియదన్నారు.

మామకు చెప్పక తప్పలేదు. తిన్నె మీద కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "పంకజం! ఇట్లా రా! నీ మేనకోడలు కనిపెట్టింది చూడు, మా ఓనర్లంతా హరిశ్చంద్రులంట! కోకిలా, ఇది అచ్చు ఏయించమ్మా, నేను జడ్జి ముందర పెడతాను."

నిజం తెలుసుకోవాలని పోయాను. నిజం తెలిసింది. మరి నాకెందుకు ఏడుపు వస్తోంది? అబద్ధాలు దొరకాలని పోయానా? దొరకనందుకు కోపమా? అలాంటిదాన్ని పరిశోధకురాలు అనరు, పుల్లలు పెట్టే మనిషి అంటారు.

జూలై 18

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూలై 22

రాయాలి! సంతోషం పట్టలేకుండా ఉన్నాను.

పాండీ బజారులో అత్తకు చీర అంచు మార్చడానికి పోయాను. మిట్టమధ్యాహ్నం. నాలుక పిడచగట్టుకుపోయింది. ఎదురుగా నా నలభైలోని ఇల్లే కనిపించింది, జీడిపప్పు తక్కువ పడిన ఇల్లు. తెలిసిన ఇల్లే కదా అని తలుపు తట్టి దాహం అడిగాను. నా వయసు అమ్మాయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. మాట వింటే బెజవాడ వైపు.

"యజమానిగారి కోడలా మీరు?" అన్నాను.

"అయ్యో, కాదండీ. మేం అద్దెకుంటున్నాం. వచ్చి నాలుగు నెలలైంది. ఓనరుగారు మైలాపూరులో కదా ఉండేది! ఈ ఇంట్లో ఆయన ఒక్క పూటైనా పడుకోలేదట." ఆమె పేరు మృణాళిని. నీళ్ళు ఒలికిపోయేలా నవ్వాను. పాపం, ఆ పిల్ల భయపడి ఇంకో చెంబు తెచ్చింది.

ఇంటికి వస్తూ ట్రాములో కూర్చుని ఆలోచించాను. పక్కింటివాళ్ళు అబద్ధం చెప్పలేదు. యజమాని వచ్చాడు. పాలు పొంగించాడు. వీధికి పంచాడు. మనలో ఎవరి పేరున పాలు పొంగితే వాళ్ళు ఆ ఇంట్లో చేరినట్టే. మర్నాడు ఆ పొయ్యి మీద అన్నం ఎవరు వండారని అడిగే అలవాటు ఎవరికి ఉంది? యజమానులకు ఇది బాగా తెలుసు. నెలలోగా చేరాలంటుంది చట్టం. చేరినట్టు వీధంతా సాక్ష్యం, సాక్షులందరికీ పొంగలి! ఒక పూట ఖర్చుతో పని అయిపోతుంది, తరువాత ఎక్కువ అద్దెకు ఎవరికైనా ఇచ్చుకోవచ్చు.

నేను అడిగిన ప్రశ్నే తప్పు. వాళ్ళలాంటి ఇంట్లోనే పుట్టినదాన్ని కాబట్టి, పాలు పొంగాయి అనగానే నా మనసుకు కూడా చాలనిపించింది. అదే ఒక దొర వచ్చి అడిగి ఉంటే రెండో ప్రశ్న వేసేవాడేమో.

ఇక పక్కింటివాళ్ళను అడిగేది లేదు. ఆ తలుపే తడతాను, దాహం అడుగుతాను. మద్రాసు ఎండలో దాహం అడిగితే లేదనేవాళ్ళు ఉండరు, నీళ్ళు తెచ్చేవాళ్ళు ఆ ఇంట్లో ఉండేవాళ్ళే. తరువాత మాటలు వాటంతట అవే వస్తాయి.

జూలై 27

మళ్ళీ మొదటినుంచీ. అయిదిళ్ళు, నాలుగుచోట్ల నీళ్ళు, ఒకచోట మజ్జిగ. యజమాని ఒక్కచోటే.

ఆగస్టు 2

సౌకార్‌పేటలో మా వెనక వీధిలోనే ఒక ఇల్లు. దాహం ఇవ్వడానికి మనిషే లేడు. కిటికీలోంచి చూస్తే మిరపకాయ బస్తాలు. తుమ్ముతూ ఇంటికి వచ్చాను. "మిరపకాయలు కాపురం చేస్తున్నాయి" అని రాసుకుని, తరువాత కొట్టేసి మామూలుగా రాశాను.

ఆగస్టు 5

చెప్పు తెగింది. లేకపోతే ఈ రోజు తొండియార్‌పేట వైపు పోదామనుకున్నాను. అక్కడ ఇంకా రెండిళ్ళు ఉన్నాయి. మామది కాకుండా.

ఆగస్టు 10

తొండియార్‌పేటలో ఆ రెండిళ్ళూ చూశాను. మామ ఇల్లు అక్కడికి మూడు వీధుల అవతల. వాన వచ్చేలా ఉందని తిరిగి వచ్చేశాను.

వాన రాలేదు.

ఆగస్టు 14

ఆడి మాసంలో చూసిన ఇళ్ళన్నీ మళ్ళీ చూడాలి. ఆడిలో, మన ఆషాఢంలో లాగే, ఎవరూ ఇల్లు మారరు. "ఆడి పోయాక చేరదామనుకున్నాడు పాపం" అని ఏ లాయరైనా అంటాడు. మామ అయితే తప్పకుండా అంటాడు. కాబట్టి తరువాతి నెల, ఆవణి, రానివ్వాలి. అప్పుడు మూడోసారి పోవడం, మళ్ళీ దాహం. ఈ వ్యాసం పూర్తయ్యేలోగా నా పొట్టలో రెడ్ హిల్స్ చెరువు నిండుతుంది.

ఆగస్టు 31

మృణాళిని నన్ను చూడగానే చెంబు తీసుకునే వచ్చింది. "మీకు ఇంట్లో నీళ్ళు ఇవ్వరా అండీ?" అంది.

సెప్టెంబరు 14, ఆదివారం

అయిపోయింది! ముప్పై తొమ్మిది ఇళ్ళు. యజమాని నిజంగా కాపురం ఉంటున్నవి తొమ్మిది. మిగతా ముప్పై ఇళ్ళలో అద్దెవాళ్ళు, బస్తాలు, ఒకచోట ట్యుటోరియల్ కాలేజీ. ముప్పై! పాలన్నీ పొంగాయి, పొంగిన పాలు ఆవిరైపోయాయి.

అత్తను పట్టుకుని గిర్రున తిప్పాను. "ఇడువే, నడుం ఇరిగిపోతాది" అని అరిచింది.

మామదానితో కలిపి వచ్చినవి పది.

సెప్టెంబరు 15

అత్త చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని, అమ్మ ఎప్పుడు వస్తోంది అని అడిగాను. ఏదో మాటవరసకు.

"మీ యమ్మా? ఆ యమ్మ గుడియాత్తం ఇడిసి యాడికొస్తాది? ఆవుల్నెవురు చూస్తారు, తోటనెవురు చూస్తారు? మీ మామ రమ్మన్నాడు, వచ్చింది, పాలు పొంగించింది, సాయంత్రం రైలుకి పోయింది. నీకు తెలీదా ఏంది?"

తెలుసు అన్నాను.

సెప్టెంబరు 16

నాకు తెలుసా?

ముప్పై మంది యజమానుల అబద్ధం పట్టుకున్నదాన్ని. నాకు మా ఇంటి అబద్ధం తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి సరే, నేను పట్టుకోవాలనే అనుకోలేదు. ఆ మేడ గది కావాలనుకున్నాను. అమ్మతో ఒక ఇంట్లో ఉండి ఎన్నేళ్ళయిందో.

సెప్టెంబరు 17

పోయాను. రాయపురం దాకా ట్రాము, అక్కడినుంచి నడక. తలుపు తట్టి దాహం అడిగాను, అన్ని ఇళ్ళలో అడిగినట్టే. కాపలా మనిషి తగరపు గ్లాసులో నీళ్ళు తెచ్చాడు. లోపలంతా తోళ్ళు. ఎవరో తోళ్ళ కంపెనీవాళ్ళు తై నెలలోనే పది నెలల గడువుకు గోడౌనుగా తీసుకున్నారట. అమ్మ పొయ్యి చల్లారకముందే అన్నమాట. మేడ మీద చూడొచ్చా అన్నాను. నా గదిలో తోళ్ళ కట్టలు కిటికీ దాకా పేర్చి ఉన్నాయి. క్రేన్లు కనిపించలేదు.

రాయపురం చేరేదాకా ఏడ్చాను. ట్రాము ఎక్కగానే మానేశాను, కండక్టరు చూస్తున్నాడని.

రాలేదు, అని రాసుకున్నాను. ముప్పై ఒకటి.

సెప్టెంబరు 20

చిన్నసామి కుటుంబాన్ని వెతికి పట్టుకున్నాను. అదే పేటలో ఒక సందులో ఒంటిగది. ఆయన పనికి పోయాడు. భార్య పాప్పాత్తి ఉంది. సగం అరవం, సగం తెలుగు. నేను ఎవరినో ముందే చెప్పాను. దాహం అడగడానికి నోరు రాలేదు. అడగకుండానే ఆవిడే నీళ్ళు ఇచ్చింది.

"మీ మామ చెడ్డవాడు కాదమ్మా. అక్క వస్తాదన్నాడు. ఆడమనిషి వస్తాదంటే మేం ఎట్లా కాదంటాం? అందుకే కోర్టులో ఏమీ మాట్లాడలేదు. మా ఆయన కూడా పోనీలే అన్నాడు. తరవాత ఆ దోవనే పోతా ఉంటే తోలు వాసన వచ్చింది."

ఇంకేమీ అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

సెప్టెంబరు 21

రాత్రి దాకా ఆగలేక మధ్యాహ్నం భోజనాల దగ్గరే చెప్పేశాను. మీ ఇల్లు కూడా ఉంది మామా, ఈ వ్యాసంలో మీ పేరు కూడా వస్తుంది అని.

మామ చేయి కడుక్కుని లేచిపోయాడు. విస్తరిలో రసం అన్నం అలాగే ఉండిపోయింది.

సెప్టెంబరు 22

మామ మాట్లాడలేదు.

సెప్టెంబరు 29

మామ మాట్లాడలేదు. కాఫీ మాత్రం నాకు పోసిన తరువాతే తాగుతున్నాడు.

అక్టోబరు 8

అత్త అంది: "ఒక్కటే గదే. ఆ ఒక్కటీ తీసేస్తే నీ లెక్కకు ఏమొచ్చింది? అన్నం పెట్టిన చెయ్యి గదా." అత్త ఎప్పుడూ నా పక్షమే. అందుకే ఆమె అడిగితే ఎక్కువ నొప్పి.

నిజమే, తీసేస్తే ఏమవుతుంది? ముప్పై తొమ్మిదిలో ముప్పై. అప్పుడూ గొప్ప లెక్కే. ఎవరికీ తెలియదు.

నాకు తెలుసు. పాప్పాత్తికి తెలుసు.

అక్టోబరు 17

దీపావళి. మామ నాకు చీర కొన్నాడు. తన చేత్తో ఇవ్వకుండా అత్త చేత ఇప్పించాడు. ఆకుపచ్చ అంచు, నాకు నచ్చే రంగే. తిట్టే మనిషి మీద గెలవొచ్చు, చీర కొనే మనిషి మీద ఎలా గెలవాలి?

అక్టోబరు 26, ఆదివారం

ఈ రోజు సంగతి నేను మనవలకు చెప్పుకోవాలి.

పొద్దున కాఫీ తాగి, మామ తిన్నె మీద కూర్చున్నాడు. నల్లకోటు వేసుకున్నాడు. ఆదివారం!

"కోకిలా, ఇట్లా రా. నీ కాగితాలు తీసుకోని రా. నేను ఎదుటి పార్టీ లాయర్ని. నువ్వు సాక్షివి. పంకజం, నువ్వు జడ్జివి, ఆడ కూసో."

"నాకు చింతపండు పిసికేది ఉండాది" అంది జడ్జి.

"ఆడనే కూసోని పిసుకు."

మొదలైంది. మద్రాసులో మామ క్రాసు పరీక్షకు నిలిచిన సాక్షి లేడని అందరూ అంటారు. కొంగు బిగించి నిలబడ్డాను.

"నువ్వు పోయిన దినం ఓనరు ఊరికి పోయుండొచ్చు గదా?"

"రెండోసారి కూడా పోయినాను."

"ఆడి మాసంలో ఎవురైనా ఇల్లు మారతారామ్మా?"

"మారరు. అందుకే ఆవణిలో మూడోసారి పోయినాను."

మామ కళ్ళు ఒక్క క్షణం మెరిశాయి. దాచుకోవాలని చూశాడు, చేతకాలేదు.

"నీళ్ళిచ్చిన మనిషి ఓనరుకు చుట్టమేమో?"

"ఎవురి చుట్టమని అడిగినాను. చుట్టమైతే బాడుగ ఎందుకిస్తారు మామా? బాడుగ ఎవురికిస్తారో కూడా అడిగినాను."

"జూలైలో అందరూ వచ్చినారన్నావు. సెప్టెంబర్లో రాలేదన్నావు. ఒకే నోరు, రెండు సాక్ష్యాలు! ఏది నమ్మేది?"

ఇది నేను భయపడిన ప్రశ్న. "రెండూ రాస్తున్నాను" అన్నాను. "మొదట నేను అడిగింది తప్పు. పాలు పొంగినాయా అని అడిగినట్టు అయింది. తరవాత కాపురం ఎవురిదని అడిగినాను. నా తప్పు ముందు రాసి, దిద్దుబాటు తరవాత రాస్తావుండాను. తప్పును దాచిపెడితేనే గదా సాక్ష్యం చెడిపోయేది."

అత్త చింతపండు పిసకడం ఆపేసింది. మామ కోటు సర్దుకుని, చివరి బాణం తీశాడు. కోర్టులో కూడా ఇలాగే గొంతు తగ్గిస్తాడట.

"సరి. ఊరంతా ఇన్ని కేసులు ఉండగా, ఈ నలభై ఏరినావే. నీకు కావాల్సినట్టు వచ్చే ఇండ్లు చూసి ఏరుకున్నావని నేనంటాను. ఏమంటావు?"

"నాకు కావాల్సినట్టు ఏరుకుంటే మీ ఇల్లు ఏరుకుంటానా మామా?"

మామ నన్ను చూశాడు. అత్తను చూశాడు. తరువాత తలవంచుకుని కోటు గుండీలు ఒక్కొక్కటే తీశాడు.

"జడ్జి ఏమంటాది?" అన్నాడు.

"ఓడిపోయినావు పో" అంది అత్త, చేతులు కడుక్కుంటూ.

మామ కోటు మడిచి పక్కన పెట్టాడు. "నాకు ఎదురుగా ఒక తీర్పు ఉంటే, దాన్ని నేనే ముందు తీసి జడ్జి ముందర పెడతాను. ఎదుటోడు తీసేదాకా దాచేవాడు లాయరే కాదు. ముప్పై ఏండ్లుగా అట్లనే వాదించినాను. సొంత ఇంటికాడ మాత్రం మర్చిపోయినాను." నా కాగితాల వైపు వేలు చూపించాడు. "నా ఇంటిని నలభయ్యోదిగా ఎందుకు పెట్టినావు? మొదట పెట్టు. నిన్నెవురూ వేలెత్తి చూపకూడదు."

కాళ్ళకు దండం పెట్టాను. "చాల్లే, లే. ఇంట గెలిచినావు, ఇంక రచ్చ గెలువు పో" అన్నాడు.

నవంబరు 3

మామ తోళ్ళ కంపెనీవాళ్ళకు ఈ నెలాఖరుతో గడువు అయిపోతుంది, పొడిగించను అని చెప్పి వచ్చాడు. తరువాత చిన్నసామివాళ్ళ ఒంటిగదికి పోయాడట. ఏం మాట్లాడాడో చెప్పలేదు. అత్త అడిగితే "నీళ్ళు ఇచ్చినారు, తాగినాను" అన్నాడు.

నవంబరు 19

అమ్మకు అత్త అంతా చెప్పి పంపింది. గుడియాత్తం నుంచి మామిడి తాండ్ర వచ్చింది. మేడ గది కోసం నువ్వు ఎదురుచూశావని నాకు తెలియదే, సంక్రాంతికి వచ్చి నీ దగ్గర నెల ఉంటాను అని కబురు. నెల చాలు. ఆవులకు నా నమస్కారాలు.

డిసెంబరు 6, శనివారం

గెలిచాను! గెలిచాను, గెలిచాను.

హాలు నిండిపోయింది. ఆడవాళ్ళం ముగ్గురమే. ఆకుపచ్చ అంచు చీర కట్టుకున్నాను. మామ వెనక వరసలో తలుపు దగ్గర కూర్చున్నాడు, రానని చెప్పి వచ్చాడు.

మొదటి ఇల్లు చదివాను. "తొండియార్‌పేట. యజమాని దేవరాజులు, అడ్వకేటు. ఈ వ్యాసం రాసినవారి మేనమామ. పాలు పొంగించారు. కాపురానికి రాలేదు." ఎవరో కిసుక్కున నవ్వారు, ఆగిపోయారు. మిగతా ముప్పై తొమ్మిదీ ఒక్క గుక్కలో చదివినట్టు చదివాను. మొదటిసారి నేను ఎలా తప్పాననేది కూడా.

ప్రశ్నలు వచ్చాయి. ఊరికి పోయి ఉండొచ్చు కదా? ఆడి మాసం కదా? చుట్టాలేమో? ఒక్కో ప్రశ్నకూ మా తిన్నె మీద జవాబు సిద్ధంగా ఉంది. మూడో ప్రశ్నకు నవ్వు ఆపుకోలేకపోయాను.

చివరికి భాష్యం గారు లేచారు. "ఈ మొదటి ఇంటి సంగతి నిజమని మేము ఎలా నమ్మాలి? ఆ యజమాని కాదంటే?"

వెనక కుర్చీ చప్పుడైంది. మామ నిలబడ్డాడు. "ఆ యజమానిని నేనే. ఈ పిల్ల చెప్పింది నిజం. నేను అడగాల్సిన క్రాసంతా అడిగినాను, నిలిచింది." చెప్పి కూర్చోకుండా అలాగే నిలబడిపోయాడు.

భాష్యం గారు కళ్ళజోడు తీశారు. తుడవలేదు. కండువాతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "ఆధార గ్రంథాల చోట ఏం రాస్తావమ్మా?"

"నలభై గడపలండీ."

"గడపలకు ముద్రణ సంవత్సరం ఉండదే" అన్నారు. అది ఆయన పరిహాసం! మా కాలేజీలో ఎవరూ విని ఉండరు. తరువాత అందరికీ వినపడేలా అన్నారు: "ఒప్పుకుంటున్నాను. నేను పుస్తకాల్లో వెతికి ఉంటే ఇది దొరికేది కాదు."

చప్పట్లు. నా మామే అందరికంటే గట్టిగా కొట్టాడు.

డిసెంబరు 8

ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే తరువాతివాళ్ళకు ఏమేం కావాలో అర పేజీ రాసిమ్మన్నారు భాష్యం గారు. పుస్తకాల పేర్లు ఆశించి ఉంటారు. నేను రాసింది ఇది: గట్టి చెప్పులు కావాలి, గొడుగు కావాలి. చిన్నపిల్లలకు కూడా ఒకే అర్థం వచ్చే ప్రశ్న కావాలి. జవాబు నీకు నచ్చితే మళ్ళీ పోయి అడుగు, నచ్చకపోయినా మళ్ళీ పోయి అడుగు. మీ ఇంట్లో అందరూ ఒప్పుకునే సంగతినే ముందు అనుమానించు. ఎదుటి లాయరు లాంటి మామ ఒకడు ఉంటే మంచిది, లేకపోతే వెతుక్కో. నీ ఇల్లు లెక్కలోకి వస్తే దాన్ని మొదట రాయి.

డిసెంబరు 12

మార్గళి, అదే ధనుర్మాసం, రాకముందే చిన్నసామివాళ్ళు మామ ఇంటికి తిరిగి వచ్చి పాలు పొంగించారు. మామ, అత్త, నేను పోయాం. తోలు వాసన ఇంకా పూర్తిగా పోలేదు, సాంబ్రాణి వేశారు. పాలు పొంగగానే పాప్పాత్తి నా వైపు చూసి "రాసుకోమ్మా" అంది.

నేను రాసుకోలేదు. పాలు పొంగితే రాసుకునే రోజులు పోయాయి.

డిసెంబరు 28, ఆదివారం

చిన్న తుంపర. పొద్దున్నే స్వెటరు వేసుకుని తొండియార్‌పేటకు పోయాను. తలుపు తట్టాను.

"ఎవురు?"

"దాహం ఇస్తారా అమ్మా?"

పాప్పాత్తి తలుపు తీసి ముక్కు మీద వేలేసుకుంది. "మార్గళి చలిలో, వానలో, దాహమా?" లోపలికి పోయి చెంబు తెచ్చింది. ఆమె వెనక పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. దండెం మీద చిన్నసామి హార్బరు చొక్కా, తడిది. మేడ మీదనుంచి ఎవరో పిల్ల గట్టిగా ఎక్కాలు చదువుతోంది, నా గదిలో.

"చెంబు ఎవరిది?" అన్నాను.

"ఎవురిదేంది? మాదే."

నీళ్ళు చల్లగా ఉన్నాయి, పళ్ళు జివ్వుమన్నాయి. చుక్క మిగలకుండా తాగాను.

వచ్చారు, అని రాసుకున్నాను.